‘స్పార్టకస్’ పాత బ్లూరే, కొత్త బ్లూరే: ఏది అసలు సినిమా?

ప్రశ్న

రోము మీద బానిసల తిరుగుబాటు గురించి 1960లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘స్పార్టకస్’ను నేను మొదట చూసింది టీవీలో. 70 ఎం.ఎం. తెర కోసం తీసిన సినిమాను పాత టీవీల చదరపు తెరకు సరిపోయేలా రెండు పక్కలా కోసేసిన ప్రతి అది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోట ఒకరి ముఖం సగమే కనిపించేది. ఆ తర్వాత 2010లో వచ్చిన బ్లూరే కొనుక్కున్నాను. ఇన్నాళ్లూ నా మనసులో నిలిచిపోయిన ‘స్పార్టకస్’ అదే. ఇటీవల 2015 నాటి పునరుద్ధరణతో వచ్చిన డిస్కు చేతికందింది. వారం రోజుల పాటు రాత్రిపూట రెండు డిస్కులనూ మార్చి మార్చి పెట్టి, ఒక్కొక్క సన్నివేశాన్నీ పోల్చి చూశాను. చూశాక నాలో సంతోషం కంటే అయోమయమే ఎక్కువగా మిగిలింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పాత డిస్కులో బొమ్మ నున్నగా, శుభ్రంగా ఉంటుంది. స్పార్టకస్‌గా నటించిన కిర్క్ డగ్లస్ ముఖం మీద ఒక్క గీత కూడా కనిపించదు. కొత్త డిస్కులో అదే ముఖం మీద చెమట, దుమ్ము, గడ్డపు మొలకలు అన్నీ కనిపిస్తున్నాయి గాని, వాటితో పాటు బొమ్మంతటా సన్నని ఇసుక కదులుతున్నట్టు ఏదో ఉంది. ముఖ్యంగా ఆకాశం కనిపించే దృశ్యాల్లో అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అది డిస్కులోని లోపమా, సినిమాలోనే ఉన్నదా? రంగులూ మారాయి. పాతదానిలో ఎర్రబారి ఉన్న శరీరాలు కొత్తదానిలో ఎండకు కమిలిన గోధుమరంగులో ఉన్నాయి. ఈ రంగులే 1960 నాటివని ఎవరు, దేన్ని చూసి నిర్ణయించారు?

ఇంకొక సందేహం కూడా ఉంది. స్నానాల గదిలో రోమన్ సేనాని క్రాసస్, అతని సేవకుడు ఆంటోనైనస్ మాట్లాడుకునే సన్నివేశంలో క్రాసస్ గొంతు, మిగతా సినిమాలో ఆ పాత్ర వేసిన లారెన్స్ ఒలివియర్ గొంతులా నాకు అనిపించలేదు. ఇది రెండు డిస్కుల్లోనూ ఉంది. నా చెవి పొరపాటు పడిందా? ‘పునరుద్ధరణ’ అన్న మాటను నమ్మి మనం చూస్తున్నది 1960లో ప్రేక్షకులు చూసిన సినిమాయేనా, లేక తర్వాతి కాలం వాళ్లు తమ అభిరుచి మేరకు తయారుచేసుకున్న మరో సినిమాయా?

మొదటి సమాధానం

ముందుగా ఆ ‘ఇసుక’ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ అయోమయానికి మూలం అక్కడే ఉంది. అది లోపం కాదు. ఫిల్ము మీద బొమ్మ ఏర్పడేదే ఆ రేణువుల వల్ల. దీన్నే గ్రెయిన్ అంటాం. వెలుగు తగిలిన వెండి లవణపు రేణువులు రసాయనాల్లో కడిగినప్పుడు బొమ్మగా మారతాయి. రంగుల ఫిల్ములో ఆ వెండిని తర్వాత కడిగేసినా, దాని చుట్టూ ఏర్పడిన రంగు మచ్చలు అదే అమరికలో మిగులుతాయి. ఒక ఫ్రేములో ఉన్న అమరిక తర్వాతి ఫ్రేములో ఉండదు కాబట్టి సెకనుకు 24 ఫ్రేములు నడిచేటప్పుడు బొమ్మ లోలోపల సన్నగా కదులుతున్నట్టు ఉంటుంది. ఆకాశం వంటి ఒకే రంగు ఉన్న చోట దాన్ని దాచడానికి వేరే వివరమేదీ ఉండదు, అందుకే అక్కడ మీకు ఎక్కువగా కనిపించింది.

2010 డిస్కు తయారుచేసినవారు ఈ రేణువులను చెత్తగా భావించి తుడిచేశారు. అందుకు వాడే సాఫ్ట్‌వేర్ పక్కపక్క ఫ్రేములను పోల్చి చూసి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని సన్నని వివరాన్ని చెరిపేస్తుంది. దానికి గ్రెయిన్‌కూ చర్మం మీది రంధ్రాలకూ తేడా తెలియదు. నూలు బట్ట నేతకూ, గుర్రపు జూలుకూ, దూరంగా నిలబడిన సైనికుడి ముఖానికీ తేడా తెలియదు. అన్నింటినీ కలిపి తుడిచేస్తుంది. అలా తుడిచాక బొమ్మ మెత్తబడుతుంది కాబట్టి, దాన్ని కప్పిపుచ్చడానికి వస్తువుల అంచులను కృత్రిమంగా పదును చేస్తారు. మీ పాత డిస్కును మళ్లీ పెట్టి, ఎండలో నిలబడిన మనుషుల భుజాల చుట్టూ జాగ్రత్తగా చూడండి. సన్నని తెల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. అది కెమెరా చూసిన వెలుగు కాదు. మీరు ‘నున్నగా, శుభ్రంగా’ అన్న ఆ ముఖాలు మైనపు బొమ్మల ముఖాలు. డగ్లస్ మేకప్‌నీ వయసునీ యంత్రం చెరిపేసింది.

ఈ సినిమా విషయంలో ఆ పని మరీ అన్యాయం. ‘స్పార్టకస్’ను సూపర్ టెక్నిరామా 70 పద్ధతిలో తీశారు. మామూలుగా 35 ఎం.ఎం. ఫిల్ము కెమెరాలో నిలువుగా నడుస్తుంది, ఒక్కొక్క ఫ్రేము ఫిల్ము అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తు ఉంటుంది. టెక్నిరామా కెమెరాలో అదే ఫిల్ము అడ్డంగా నడుస్తుంది, ఒక్కొక్క ఫ్రేము ఎనిమిది రంధ్రాల వెడల్పు తీసుకుంటుంది. కటకం బొమ్మను అడ్డంగా కొంత కుదించి ఆ ఫ్రేములో నింపుతుంది, తర్వాత దాన్ని విప్పి 70 ఎం.ఎం. ప్రింటుగా అచ్చు వేస్తారు. నెగెటివ్ మీద మామూలు సినిమా కంటే రెట్టింపుకు మించిన చోటు దొరకడం వల్ల అంత పెద్ద తెర మీద కూడా గ్రెయిన్ సన్నగా, వివరం ఎక్కువగా ఉంటుంది. అలాంటి నెగెటివ్ మీద తీసిన సినిమాను తుడిచి నున్నగా చేయడమంటే, ఆ ఖర్చంతా దేనికోసం పెట్టారో దాన్నే పారేయడం.

చివరి యుద్ధానికి ముందు రోమన్ దళాలు దూరపు కొండవాలు మీద చదరాలు చదరాలుగా కదిలే దృశ్యాన్ని రెండు డిస్కుల్లోనూ చూడండి. ఆ యుద్ధాన్ని స్పెయిన్‌లో, మాడ్రిడ్ దగ్గర మైదానంలో, సుమారు 8,000 మంది స్పానిష్ సైనికులతో తీశారు. పాత డిస్కులో ఆ చదరాలు రంగు పూసిన అట్టముక్కల్లా ఉంటాయి. కొత్తదానిలో ప్రతి చదరంలోనూ డాళ్లు వేర్వేరుగా మెరుస్తాయి, వరసలు కాస్త వంకరపోయి మళ్లీ సర్దుకుంటాయి. అవి నిజమైన మనుషులు నడిచిన వరసలు. ఆ దృశ్యంలోని భయమంతా అక్కడే ఉంది. తమ మీదికి వస్తున్నది ఒక యంత్రం అని బానిసలకు తెలియాలి, ఆ యంత్రం మనుషులతో తయారైందని మనకు తెలియాలి.

రెండో సమాధానం

గ్రెయిన్ గురించి పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక చిన్న సవరణ మాత్రం అవసరం. కొత్త డిస్కులో మనం చూసే గ్రెయిన్ అంతా 1959లో కెమెరాలో నడిచిన నెగెటివ్‌దే అనుకోకూడదు, ఎందుకంటే ఆ నెగెటివ్ అప్పటికే పనికిరాకుండా పోయింది. రంగుల గురించి మీరడిగిన ప్రశ్నకు సమాధానం కూడా ఈ కథలోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1950ల, 60ల నాటి రంగుల నెగెటివ్‌లో మూడు రంగుల పొరలు ఉంటాయి. వాటిలోని రంగులు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి, మూడూ ఒకే వేగంతో వెలవవు. ‘స్పార్టకస్’ నెగెటివ్‌లో పసుపు పొర బాగా దెబ్బతింది. ఒక పొర బలహీనపడ్డాక, ప్రింటు తీసేటప్పుడు ఎంత సర్దినా వెలుగు ఉన్న చోట ఒక రంగు, నీడ ఉన్న చోట మరొక రంగు ఎగదన్నుతుంది. ముఖాన్ని సరిచేస్తే నీడ నీలంగా మారుతుంది, నీడను సరిచేస్తే ముఖం చెడుతుంది. దీనికి తోడు 1967లో సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు 23 నిమిషాలు కోసి, 161 నిమిషాలకు కుదించారు.

అదృష్టవశాత్తూ స్టూడియోలు ఆ రోజుల్లో ఒక ముందుజాగ్రత్త తీసుకునేవి. రంగుల నెగెటివ్ నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల ద్వారా మూడు వేర్వేరు నలుపు తెలుపు ఫిల్ములు తీసి భద్రపరిచేవారు. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, రంగులా వెలిసిపోదు. ఎన్నేళ్ల తర్వాతైనా ఆ మూడింటినీ తగిన వెలుగులతో ఒకదాని మీద ఒకటి ముద్రిస్తే మొదటి రంగులు తిరిగి వస్తాయి. 1991లో పాత సినిమాలను పునరుద్ధరించే రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ చేపట్టిన పునర్నిర్మాణానికి ప్రాణం పోసింది ఆ నలుపు తెలుపు ఫిల్ములే. చెప్పినంత తేలికైన పని కాదది. ఫిల్ము ఏళ్ల తరబడి నిల్వ ఉంటే కుంచించుకుపోతుంది, మూడు ఫిల్ములూ సమానంగా కుంచించుకుపోకపోతే వాటిని కలిపినప్పుడు బొమ్మ అంచుల్లో ఎర్రని, నీలపు చారలు వస్తాయి. దాన్నంతటినీ ఆ రోజుల్లో కంప్యూటరు లేకుండా, ఒక ఫిల్ము మీది బొమ్మను కటకం ద్వారా మరో ఫిల్ము మీదికి ఎక్కించే ఆప్టికల్ ప్రింటరు మీద చేశారు. 1967లో కోసేసిన 23 నిమిషాలనే కాకుండా, 1960 విడుదలకు ముందే తీసేసిన మరో 14 నిమిషాలను కూడా వెతికి తెచ్చి చేర్చారు.

అంటే 2015 నాటి పని శూన్యం నుంచి మొదలైంది కాదు. 1991లో తయారైన ఆ పెద్ద ఫార్మాటు ఫిల్మును 6కెలో (అంటే అడ్డంగా సుమారు 6,000 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, 4కెలో గీతలు, మరకలు, రంగుల ఊగిసలాట సరిచేశారు. 2010 డిస్కు మీద తన అసంతృప్తిని బహిరంగంగా చెప్పిన హారిస్ ఈసారి పనిని దగ్గరుండి చూసుకున్నారు. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన విషయం. పాతికేళ్ల కిందట ఆ మూడు ఫిల్ములను ఒక్కొక్క అడుగూ చేతులతో తాకి చూసిన మనిషికి, ఏ సన్నివేశం ఏ రంగులో ఉండాలో సంఖ్యలు చూసి ఊహించేవారి కంటే బాగా తెలుస్తుంది.

ఇక శరీరాల రంగు. సినిమా మొదట్లో లిబియా గనుల సన్నివేశాన్ని కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో, కరుకైన ఎండలో తీశారు. అక్కడ రాళ్లు మోసే మనుషుల చర్మం గులాబీ రంగులో ఉండే అవకాశమే లేదు. ఛాయాగ్రాహకుడు రస్సెల్ మెటీకి ఆ ఏడాది రంగుల ఛాయాగ్రహణానికి ఆస్కార్ వచ్చింది. అయితే లైటింగ్ చాలావరకు తానే నిర్ణయించిన దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్‌తో ఆయనకు చిత్రీకరణ పొడవునా పడలేదు. ఎవరి చలవో గాని, ఆ వెలుగులో ఎండ ఎండలాగే ఉంది.

స్నానాల గది విషయంలో మీ చెవి పొరపాటు పడలేదు. అది ఒలివియర్ గొంతు కాదు, నటుడు ఆంథొనీ హాప్కిన్స్ గొంతు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత డిస్కులో భుజాల చుట్టూ ఉన్న తెల్లటి గీతను చూశాను. ఒకసారి కంటపడ్డాక ఇక దాన్ని చూడకుండా ఉండలేకపోతున్నాను. అయితే హాప్కిన్స్ సంగతి విన్నాక నా మొదటి సందేహం మరింత బలపడింది. నటించినవారు ఒకరు, ముప్పై ఏళ్ల తర్వాత గొంతు అరువిచ్చినవారు మరొకరు అయినప్పుడు, అది పునరుద్ధరణ ఎలా అవుతుంది? పైగా ఆ 14 నిమిషాలు 1960లో టికెట్టు కొని చూసినవారెవరూ చూడనివని మీరే అన్నారు.

మూడో సమాధానం

ఈ ప్రశ్న నన్నూ చాలా కాలం వేధించింది. ఆ సన్నివేశాన్ని సినిమాలో ఉంచడం సరైనదేనన్న నిర్ణయానికి చివరికి వచ్చాను. అయితే అందులో ఇమిడి ఉన్న ఇబ్బందిని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

జరిగింది ఇది. స్నానాల తొట్టిలో కూర్చున్న క్రాసస్, తనకు కొత్తగా చేరిన యువకుడైన బానిస ఆంటోనైనస్‌ను ఆల్చిప్పలు తింటావా, నత్తలు తింటావా అని అడుగుతాడు. మాటలు తిండి గురించే అయినా, అడుగుతున్నది దేని గురించో అర్థం కాకపోదు. కెమెరా దగ్గరికి వెళ్లదు, పలచని పరదా ఇవతలే ఆగి, చాటు నుంచి వింటున్నట్టుగా చూస్తుంది. సెన్సారు అభ్యంతరాల వల్ల ఆ సన్నివేశానికి కత్తెర పడింది. 1991లో బొమ్మ దొరికింది గాని శబ్దం దొరకలేదు. ఒలివియర్ అప్పటికి రెండేళ్ల కిందటే, 1989లో చనిపోయారు. ఆంటోనైనస్‌గా నటించిన టోనీ కర్టిస్ బతికే ఉన్నారు కాబట్టి అరవై దాటిన వయసులో తన ముప్పైల నాటి గొంతును తానే మళ్లీ పలికారు. ఒలివియర్ మాటలకు హాప్కిన్స్ పేరు సూచించింది ఒలివియర్ భార్య, నటి జోన్ ప్లోరైట్. హాప్కిన్స్ యువకుడిగా ఉన్నప్పుడు నేషనల్ థియేటర్‌లో ఒలివియర్ దగ్గర పనిచేశారు, 1967లో ఒలివియర్ జబ్బుపడినప్పుడు ఆయన బదులు రంగస్థలం మీదికి వెళ్లారు. గురువు గొంతును అనుకరించడంలో ఆయనకు మంచి పేరు. క్యూబ్రిక్ దూరం నుంచే సూచనలిచ్చారు.

ఇప్పుడు కథలో ఆ సన్నివేశం స్థానం చూడండి. అది లేకపోతే ఆంటోనైనస్ క్రాసస్ ఇంట అడుగుపెట్టినవాడు కాస్తా, ఏ కారణం లేకుండా తిరుగుబాటుదారుల శిబిరంలో తేలతాడు. అది ఉంటే అతను దేని నుంచి పారిపోయాడో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా క్రాసస్ అంటే ఏమిటో తెలుస్తుంది. రోమును ప్రేమించడమంటే దానికి లొంగిపోవడమని నమ్మే మనిషి, తన ముందున్న మనిషి కూడా తనకు అలాగే లొంగిపోవాలని కోరుకుంటాడు. చివర్లో స్పార్టకస్‌నూ ఆంటోనైనస్‌నూ ఒకరినొకరు చంపుకోమని క్రాసస్ ఎందుకు ఆదేశించాడో, ఆ కసి ఎక్కడిదో ఈ గదికి వెళ్లి చూస్తే గాని పూర్తిగా బోధపడదు. అందువల్ల 1960 ప్రేక్షకులు చూసినదే అసలు సినిమా అన్న కొలత ఇక్కడ నాకు సరిపోదనిపిస్తుంది. వాళ్లు చూసింది అప్పటికే గాయపడిన సినిమా. మీరన్న ఇబ్బంది మాత్రం నిజమే. వింటున్నది హాప్కిన్స్ గొంతని తెలిసిన క్షణం నుంచి ఆ రెండు నిమిషాల పాటు నేను నటుణ్ని చూడటం మానేసి పెదవుల కదలికను చూస్తుంటాను. దానికి మందు లేదు.

ఒక్క విషయంలో మాత్రం పై ఇద్దరితో విభేదిస్తాను. స్పష్టత పెరగడం అన్ని చోట్లా సినిమాకు మేలు చేయలేదు. స్టూడియోలో కట్టిన ఆరుబయలు సెట్లు, ముఖ్యంగా స్పార్టకస్, అతని ప్రియురాలు వరీనియా ఏకాంతంగా ఉండే రాత్రి దృశ్యాలు, వెనక తెర మీద గీసిన ఆకాశం, ఇవన్నీ పాత డిస్కు మెత్తదనంలో కొంత దాగేవి. ఇప్పుడు కుంచె గీత దాకా కనిపిస్తున్నాయి. స్పెయిన్ మైదానం పక్కనే ఆ తోట సెట్టు వచ్చినప్పుడు రెండు వేర్వేరు సినిమాల ముక్కలు అతికించినట్టు ఉంటుంది. 1960లో ప్రింటు ప్రొజెక్టరులో నడిచేటప్పుడు ఆ తేడా ఇంత గట్టిగా కనిపించి ఉండదని నా అభిప్రాయం.

నాలుగో సమాధానం

సంక్షిప్తంగా రెండు ఆచరణయోగ్యమైన మాటలు. కొత్త డిస్కు పెట్టే ముందు టీవీ సెట్టింగులలో మోషన్ స్మూతింగ్ (కదలికను కృత్రిమంగా నునుపు చేసేది), నాయిస్ రిడక్షన్ (గ్రెయిన్ వంటివి తుడిచేసేది) రెండూ ఆపేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. లేకపోతే పునరుద్ధరించినవారు జాగ్రత్తగా నిలబెట్టిన గ్రెయిన్‌ను మీ టీవీయే మళ్లీ తుడిచేస్తుంది. రెండోది, సినిమా మొదలవడానికి ముందు, విశ్రాంతి తర్వాత తెర మీద కథ లేకుండా సంగీతం మాత్రమే వినిపిస్తుంది. దాన్ని దాటేయకండి. సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్ ఆ ఇత్తడి వాద్యాలతో, డప్పులతో ముందుగానే మనల్ని ఏ లోకంలోకి తీసుకెళ్తున్నారో చెబుతారు. దాని తర్వాత సాల్ బాస్ రూపొందించిన టైటిల్స్‌లో ఒక రాతి ముఖం పగుళ్లు విచ్చి కూలిపోయేది చూస్తే, చీకట్లో ఆ సంగీతం ఎందుకు విన్నామో తెలుస్తుంది.

2020లో 4కె అల్ట్రా హెచ్‌డి డిస్కు కూడా వచ్చింది. రోము కోట వెలుపల రాత్రి జరిగే ఆఖరి ద్వంద్వయుద్ధం వంటి చీకటి దృశ్యాల్లో వెలుగునీడల తేడాను ఇంకా బాగా చూపే దాని హెచ్‌డిఆర్ వల్ల తేడా తెలుస్తుంది. మీ తెర చిన్నదైతే 2015 బ్లూరేతోనే సరిపెట్టుకోవచ్చు.

మొదటి సమాధానం రాసినవారు మళ్లీ

సెట్ల గురించి మూడో సమాధానంలో చెప్పినది నిజమేనని ఒప్పుకుంటాను. అయినా దానికి నేను బాధపడను. ఆ సినిమా ఆ రెండు పద్ధతుల మధ్య ఇరుక్కున్న మాట వాస్తవం, అందుకు దాని పుట్టుకలోనే కారణం ఉంది. చిత్రీకరణ మొదలైన కొద్ది రోజులకే దర్శకుడు ఆంథొనీ మాన్‌ను తప్పించి, నిర్మాత కూడా అయిన కిర్క్ డగ్లస్ 30 ఏళ్ల క్యూబ్రిక్‌ను తీసుకొచ్చారు. క్యూబ్రిక్‌కు కథ మీద అధికారం లేదు, తర్వాతి రోజుల్లో ఆయన ఈ సినిమాను తనదిగా చెప్పుకోవడానికి పెద్దగా ఇష్టపడలేదు. స్క్రీన్‌ప్లే రాసిన డాల్టన్ ట్రంబో కమ్యూనిస్టు అన్న ముద్రతో 1950లో జైలుకు వెళ్లి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మారుపేర్లతో రాసి బతికినవారు. మూల నవల రాసిన హోవర్డ్ ఫాస్ట్ కూడా అదే ఏడాది జైలుకు వెళ్లారు. ఆయన నవలను ప్రచురణకర్తలు తిరస్కరిస్తే 1951లో సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్నారు. ట్రంబో అసలు పేరు తెర మీద పడటం కమ్యూనిస్టులన్న అనుమానంతో పని ఇవ్వకుండా వెలివేసే హాలీవుడ్ నిషేధపు జాబితాకు పడిన పెద్ద దెబ్బల్లో ఒకటి. పట్టుబడిన బానిసలు నాయకుణ్ని చూపించి ప్రాణాలు దక్కించుకోవడానికి నిరాకరించి, ఒకరి తర్వాత ఒకరు లేచి నేనే స్పార్టకస్‌నని చెప్పే సన్నివేశాన్ని, విచారణలో జవాబు చెప్పనందుకు జైలు అనుభవించిన మనిషి రాశారని తెలిశాక ఎలా చూడాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సినిమాలోని జనఘోష గురించి చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. 1959 అక్టోబరులో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో ఆట చూడటానికి వచ్చిన సుమారు 76 వేల మంది చేత స్పార్టకస్ పేరుతో నినాదాలు చేయించి, ఆ ఘోషను రికార్డు చేశారు. స్టూడియోలో యాభై మందిని నిలబెట్టి కేకలు వేయిస్తే రాని బరువు అందులో ఉంటుంది. సౌండ్ బాగున్న చోట విని చూడండి.

రెండో సమాధానం రాసినవారు మళ్లీ

చరిత్ర గురించి ఎవరూ అడగలేదు గాని, ‘అసలు’ అన్న మాట వచ్చింది కాబట్టి చిన్న ప్రస్తావన. ఎంత పునరుద్ధరించినా సినిమా నిర్మాణ సమయంలోనే వదిలేసిన చరిత్ర అందులోకి రాదు. క్రీ.పూ. 73లో కపువాలోని శిక్షణశాల నుంచి తప్పించుకున్న కొద్దిమంది గ్లాడియేటర్లు (ప్రేక్షకుల వినోదం కోసం పోరాడే బానిసలు) మరుసటి ఏడాదికల్లా రోము అత్యున్నత పాలకులైన ఇద్దరు కాన్సుల్‌ల సేనలనూ ఓడించారు. సినిమాలో రోమన్ సేనాని గ్లాబ్రస్ శిబిరం తగలబడటం తప్ప ఈ విజయాలన్నీ దాదాపు మాటల్లోనే వినిపిస్తాయి. అందుకే మొదటిసారి చూసేవారికి రోము ఎందుకంతగా వణికిందో అర్థం కాదు. స్పార్టకస్ శిలువ మీద చనిపోలేదు, క్రీ.పూ. 71లో ఆఖరి యుద్ధంలో పోరాడుతూ పడిపోయాడు, అతని శవం దొరకలేదని పురాతన చరిత్రకారులు రాశారు. కపువా నుంచి రోము దాకా దారి పొడవునా శిలువ వేసింది పట్టుబడిన 6,000 మందిని. యుద్ధానికి ముందు స్పార్టకస్ తన గుర్రాన్ని తానే చంపి, గెలిస్తే శత్రువుల గుర్రాలు చాలా దొరుకుతాయి, ఓడితే దీని అవసరమే ఉండదని అన్నట్టు ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అంత మంచి ఘట్టాన్ని ఈ సినిమా ఎందుకు వదులుకుందో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి చివరి స్పందన

నిన్న రాత్రి టీవీ సెట్టింగులు మార్చి, సంగీతంతో సహా మొదటి నుంచి విశ్రాంతి దాకా చూశాను. మీరంతా చెప్పినవి మనసులో పెట్టుకుని చూసినా, నన్ను పట్టి ఆపింది మీలో ఎవరూ ప్రస్తావించని ఒక చోటు.

ద్వంద్వయుద్ధానికి ముందు స్పార్టకస్‌నూ తోటి గ్లాడియేటరు డ్రాబానూ ఒక చిన్న చెక్క గూటిలో ఎదురెదురుగా కూర్చోబెడతారు. బయట మరో జంట పోరాడుతూ ఉంటుంది. అది మనకు పూర్తిగా కనిపించదు, చెక్కల సందుల్లోంచి కదిలే శరీరాలు, రేగే దుమ్ము, కత్తుల చప్పుడు మాత్రమే. పైన మేడ మీద క్రాసస్ తన రాజకీయాలు మాట్లాడుకుంటుంటాడు. ఈ ఇద్దరూ ఒక మాటైనా మాట్లాడుకోరు. గ్లాడియేటర్లు స్నేహాలు చేసుకోకూడదని, ఏదో ఒక రోజు ఒకరినొకరు చంపవలసి వస్తుందని అంతకుముందు స్పార్టకస్‌తో చెప్పింది ఈ డ్రాబాయే. పాత డిస్కులో ఆ గూడు ఒక గోధుమరంగు చీకటి, అందులో డ్రాబాగా నటించిన వుడీ స్ట్రోడ్ ముఖం ఒక నల్లని ఆకారం. ఆ ముఖం మీద సందుల్లోంచి పడే వెలుగు చారలు, ఆ చారల్లో మెరిసే చెమట, ఎదుటివాణ్ని కొలిచి చూసి మళ్లీ చూపు తిప్పుకునే ఆ కళ్లు నేను నిన్న మొదటిసారి చూశాను. కాసేపటికి అతను గెలిచి కూడా స్పార్టకస్‌ను చంపకుండా, త్రిశూలాన్ని మేడ మీది రోమన్ల వైపు విసిరి పైకి ఎగబాకుతాడు. ఇన్నేళ్లుగా అది నాకు హఠాత్తుగా తీసుకున్న నిర్ణయంలా అనిపించేది. అతను ఆ నిర్ణయానికి గూటిలో కూర్చున్నప్పుడే వచ్చేశాడని నిన్న అతని ముఖంలో కనిపించింది.

ఇది 1960లో తెర మీద ఇలాగే కనిపించిందో లేదో నేను రుజువు చేయలేను. అయితే ఆ నటుడు ఆ రోజు ఆ వెలుగులో చేసిన పని ఇప్పుడు నా దాకా వచ్చింది, పాత డిస్కులో రాలేదు. నా ప్రశ్నకు సమాధానంగా నాకిది సరిపోతుంది. పాత డిస్కును పక్కన పెట్టేశాను. హాప్కిన్స్ గొంతుకు మాత్రం ఇంకా అలవాటు పడాలి. విశ్రాంతి తర్వాతి సంగీతం నుంచి మిగతా సగం ఈ రాత్రి చూస్తాను.